కల్యాణ మండపం ఫైర్ అలారం: స్ట్రోబ్, స్పీకర్ లైన్లకు ఎంత కరెంట్ కావాలో లెక్క కట్టడం ఎలా

నెల్లూరు శివార్లలో ఒక కల్యాణ మండపం. ముందు కార్ల పార్కింగ్, గేటు పక్కన ఆఫీసు గది, ఆ గదిలో అలారాన్ని నడిపే ఫైర్ ప్యానెల్. పెళ్లి హాలు వెనకాల బిల్డింగ్‌లో, మొదటి అంతస్తులో. ప్యానెల్ నుంచి హాల్లోని మొదటి స్ట్రోబ్ (అలారం వేళ మెరిసే దీపం) దాకా 90 మీటర్ల వైరు పడింది. ఆ పని మేమే చేశాం. పది స్పీకర్ స్ట్రోబ్‌లు బిగించి, అలారం మోగించి చూపించాం. అన్నీ ఒక్కసారిగా టక్కుటక్కున వెలిగాయి. సంతకాలు అయిపోయాయి.

తర్వాత ముహూర్తాల సీజన్‌కి ముందు సర్వీసుకి వెళ్లినప్పుడు వేరే విధంగా చూద్దామనుకున్నాం. ముందు రోజు రాత్రే ప్యానెల్‌కి మెయిన్స్ ఆపేసి, 24 గంటలు బ్యాటరీ మీదే వదిలేశాం. మర్నాడు రాత్రి అలారం మోగించాం. హాల్లో నాలుగూ బాగానే వెలిగాయి. కారిడార్ కొసన, పెళ్లికూతురి గది బయట ఉన్నది మాత్రం సెకనుకోసారి వెలగాల్సింది నాలుగైదు సెకన్లకోసారి, అదీ నీరసంగా వెలిగింది. నిచ్చెన ఎక్కి చెవి దగ్గర పెడితే లోపల కెపాసిటర్ నిండలేక సన్నగా కీచుమంటోంది. టెర్మినల్ మీద మల్టీమీటర్ పెడితే 15.7 వోల్టులు. కింద ప్యానెల్ దగ్గర 20.5 ఉంది.

మేనేజర్ పెద్దాయన అడిగాడు: "ఏందబ్బాయ్, మొన్న బాగానే వెలిగినాయి గదా, ఈ పొద్దు ఏమొచ్చింది వాటికి?"

వాటికేమీ రాలేదు. తప్పు నా లెక్కలో ఉంది. సరిగ్గా చెప్పాలంటే నేను లెక్కే కట్టలేదు, అలవాటుగా ఒక స్క్వేర్, అంటే ఒక చదరపు మిల్లీమీటరు వైరు లాగేశాను. ఆ రాత్రి ఆయనకు చెప్పిన జవాబునే ఇప్పుడు అడుగడుగునా విడదీసి రాస్తున్నాను. ఇంటి వైరింగ్ బాగా తెలిసి, నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కొత్తగా ఫైర్ అలారం పనులు ఒప్పుకుంటున్న ఎలక్ట్రీషియన్లకు ఇది పనికొస్తుంది. బిల్డింగ్ యజమానులు కూడా చదివితే మంచిది. కొటేషన్‌లో ఏం అడగాలో తెలుస్తుంది.

ముందుగా ఒక మాట మనసులో పెట్టుకోండి. మంటలు లేచినప్పుడు ఎవరైనా మొదట చేసే పని మెయిన్ స్విచ్ దించడం. జనరేటర్ కూడా ఆపేస్తారు, ఆపాలి కూడా. అంటే అలారం అసలు అక్కరకొచ్చే వేళకి దానికి మిగిలేది బ్యాటరీ ఒక్కటే. అప్పటికే ఆ రోజంతా కరెంట్ లేకపోతే ఆ బ్యాటరీ కూడా అడుగంటి ఉంటుంది. కాబట్టి లెక్క మొత్తం అడుగంటిన బ్యాటరీతో, అన్నిటికంటే దూరంగా ఉన్న స్ట్రోబ్ దగ్గర నిలబడి కట్టాలి.

మొదట: రెండు లైన్లను విడదీయండి

స్పీకర్ స్ట్రోబ్ బయటికి ఒకే పెట్టె. లోపల మాత్రం ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పరికరాలు. స్ట్రోబ్‌కి కావాల్సింది 24 వోల్టుల డీసీ. స్పీకర్‌కి వచ్చేది ఆంప్లిఫైయర్ నుంచి ఆడియో, అంటే ఏసీ. అది 25 వోల్టులు, 70.7 వోల్టులు, లేదా మన మైక్ సెట్ల వాళ్లకు బాగా తెలిసిన 100 వోల్టుల లైన్. రెండిటికీ వేర్వేరు జత వైర్లు వెళ్లాలి, లెక్కలు కూడా వేర్వేరు. స్ట్రోబ్ ఆంప్స్‌ని, స్పీకర్ వాట్లని ఒకే మొత్తంలో కలిపేసిన కొటేషన్ కనిపిస్తే, రాసినాయనకు పని తెలియదని అర్థం.

స్ట్రోబ్ లైన్‌ని ప్యానెల్ మీద ఎన్‌ఏసీ (నోటిఫికేషన్ అప్లయన్స్ సర్క్యూట్) అనో, సౌండర్ లేదా హూటర్ అవుట్‌పుట్ అనో రాస్తారు. అలారం లేనప్పుడు ప్యానెల్ ఈ లైన్ మీద ప్లస్ మైనస్ తిరగేసి చిన్న కరెంట్ పంపిస్తూ, చివర పెట్టిన ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ కనబడుతోందా లేదా అని కాపలా కాస్తుంటుంది. స్ట్రోబ్ లోపలి డయోడ్ ఆ తిరగేసిన కరెంట్‌ని ఆపుతుంది. అలారం రాగానే పొలారిటీ మారుతుంది, స్ట్రోబ్ వెలుగుతుంది. అందుకే వైరు ఒక పరికరంలోకి వెళ్లి, బయటికొచ్చి, తర్వాతదానికి పోవాలి. ఇంట్లో లైట్ పాయింట్‌కి లాగినట్టు మధ్యలో కొమ్మ తీస్తే, ఆ కొమ్మ తెగినా ప్యానెల్‌కి తెలియదు. స్పీకర్ లైన్‌కీ ఇదే కాపలా ఉంటుంది. స్పీకర్ లోపలి కెపాసిటర్ డీసీని ఆపి, ఆడియోని మాత్రం వదులుతుంది.

రెండోది: ఎక్కడ ఎన్ని క్యాండెలా

కరెంట్ లెక్క వెలుతురు నుంచి మొదలవుతుంది. ఎంత వెలుగు (దాని కొలతే క్యాండెలా) కావాలో తేల్చకుండా ఆంప్స్ చెప్పలేం.

నేను ఇక్కడ వాడుతున్నవి అమెరికన్ కోడ్ ఎన్‌ఎఫ్‌పీఏ 72 అంకెలు. మన దగ్గర ఐఎస్ 2189, నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నాలుగో భాగం కూడా చూసుకోవాలి. టెండర్ ఏ కోడ్ అడిగితే దాన్నే ముందు పెట్టుకోండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 54-23 ప్రకారం వచ్చే సరుకు మీద క్యాండెలా బదులు డబ్ల్యూ-2.4-6 లాంటి గుర్తు ఉంటుంది. గోడకు 2.4 మీటర్ల ఎత్తులో బిగిస్తే 6 మీటర్ల చదరాన్ని కవర్ చేస్తుందని దాని అర్థం. సీలింగ్‌కి పెట్టేవాటికి సి అక్షరం ఉంటుంది. లెక్క కట్టే దారి ఏ సరుకైనా ఒకటే.

గోడకు బిగించే స్ట్రోబ్ ఒకటి 20 అడుగుల చదరపు గదికి 15 క్యాండెలా, 28 అడుగులకు 30, 45 అడుగులకు 75, 54 అడుగులకు 110 కావాలి. 20 అడుగుల వెడల్పు లోపు కారిడార్లకు 15 క్యాండెలా చాలు. కొసల నుంచి 15 అడుగుల లోపు ఒకటి ఉండాలి, ఒకదానికొకటి 100 అడుగులు మించకూడదు. లెన్స్ నేల నుంచి 80 అంగుళాలకు తగ్గకుండా, 96 అంగుళాలు మించకుండా ఉండాలి.

మా మండపం హాలు 90 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు. రెండు 45 అడుగుల చదరాలుగా విడదీస్తే రెండు 75 క్యాండెలా స్ట్రోబ్‌లు సరిపోవాలి. పుస్తకంలో సరిపోతాయి. పెళ్లి రోజు స్టేజి వెనక ఎత్తుగా పూల డెకరేషన్ లేస్తుంది, పక్క గోడలకు గుడ్డలు కడతారు, ఎల్‌ఈడీ తెర నిలబెడతారు. ఆ గుడ్డ వెనక్కి పోయిన స్ట్రోబ్ ఉన్నా లేనట్టే. అందుకే నాలుగు పెట్టాం. ఖాళీ హాల్లో కొలత తీసుకోకండి, పెళ్లి జరుగుతున్నప్పుడు ఒకసారి వెళ్లి చూసి రండి.

ఒకే చోట నిలబడితే రెండుకు మించి స్ట్రోబ్‌లు కనబడేచోట అన్నీ ఒకే క్షణంలో వెలగాలి. ఒక్కొక్కటి ఒక్కో వేళ వెలిగితే మూర్ఛ వచ్చే మనుషులకు ప్రమాదం. దానికి సింక్ సౌకర్యం ప్యానెల్‌లోనే ఉండాలి, లేదంటే మాడ్యూల్ పెట్టాలి. రెండు కంపెనీల స్ట్రోబ్‌లు కలిపితే సింక్ కుదరదు.

మూడోది: డేటాషీట్‌లో ఏ అంకె తీసుకోవాలి

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, నేనూ పడ్డాను. మామూలు బల్బుకి వోల్టేజ్ తగ్గితే అది లాగే కరెంట్ కూడా తగ్గుతుంది. స్ట్రోబ్ అలా కాదు. దానికి ప్రతి మెరుపుకీ ఇంత శక్తి కావాలని నిర్ణయమై ఉంటుంది. వోల్టేజ్ తగ్గితే ఆ శక్తి కోసం కరెంట్ ఎక్కువ లాగుతుంది. 16 వోల్టుల దగ్గర 158 మిల్లీ ఆంప్స్ లాగే స్ట్రోబ్ దాదాపు రెండున్నర వాట్లు తింటోంది. అదే 24 వోల్టులు అందితే 105 మిల్లీ ఆంప్స్‌తో సరిపెట్టుకుంటుంది. బ్యాటరీ నీరసించేకొద్దీ స్ట్రోబ్‌లు ఎక్కువ లాగుతాయి, ఎక్కువ లాగేకొద్దీ వైరులో ఎక్కువ వోల్టేజ్ పోతుంది, ఇంకా ఎక్కువ లాగుతాయి. ఆ రాత్రి పెళ్లికూతురి గది బయట జరిగింది ఇదే.

అందుకని డేటాషీట్‌లో "24 వోల్టుల దగ్గర" అన్న అంకె వదిలేయండి. 16 నుంచి 33 వోల్టుల పరిధికి ఇచ్చిన గరిష్ఠ ఆర్‌ఎంఎస్ కరెంట్ అన్న వరుస వెతకండి. పాత తరం జెనాన్ స్ట్రోబ్‌లకు ఇలాంటి అంకెలు కనిపిస్తాయి: 15 క్యాండెలాకి 66 మిల్లీ ఆంప్స్, 75కి 158, 110కి 202. కొత్త ఎల్‌ఈడీ స్ట్రోబ్‌లు వీటికంటే బాగా తక్కువ లాగుతాయి. మీరు కొన్న మోడల్ డేటాషీట్ అంకెలే వాడండి, నా అంకెలు లెక్క చూపించడానికి మాత్రమే.

మొదటి అంతస్తు లెక్క ఇది:

హాలు: 4 స్ట్రోబ్‌లు × 158 = 632 మిల్లీ ఆంప్స్
కారిడార్, మెట్లు, మేకప్ గదులు: 6 స్ట్రోబ్‌లు × 66 = 396 మిల్లీ ఆంప్స్
మొత్తం: 1,028 మిల్లీ ఆంప్స్, అంటే 1.028 ఆంప్స్

స్ట్రోబ్‌కి క్యాండెలా మార్చుకునే చిన్న స్లైడర్ ఉంటుంది. బిగించే కుర్రాడు అది చూసుకోకుండా 110 మీద వదిలేస్తే ఒక్కోదానికి 44 మిల్లీ ఆంప్స్ పెరిగినట్టే. పని అయ్యాక ప్రతి పరికరం దగ్గరికీ వెళ్లి, కిటికీలో కనిపించే అంకె మీ కాగితంతో కలిసిందో లేదో చూడండి.

నాలుగోది: ప్యానెల్ ఎంత ఇవ్వగలదు

ప్యానెల్ మాన్యువల్‌లో ఒక్కో ఎన్‌ఏసీకి ఎంత అని ఉంటుంది. అది 2 ఆంప్స్ అనుకుందాం. నేను 80 శాతం దాటనివ్వను, అంటే 1.6. రేపు ఎవరో ఒక గది కట్టి ఇంకో స్ట్రోబ్ పెట్టమంటారు, ఆ చోటు ఉండాలి. పైగా స్ట్రోబ్‌లు మొదట ఆన్ అయ్యే క్షణంలో మామూలు కంటే ఎక్కువ లాగుతాయి. మన 1.028 హాయిగా సరిపోయింది.

రెండో హద్దు కూడా ఉంది, దాన్ని మర్చిపోతారు. నాలుగు అవుట్‌పుట్‌లకు తలా 2 ఆంప్స్ అని రాసి ఉన్నంత మాత్రాన మొత్తం 8 ఆంప్స్ రాదు. పవర్ సప్లై మొత్తం 6 ఆంప్సే ఇవ్వగలదని ఇంకో పేజీలో రాసి ఉంటుంది. అన్ని అంతస్తులూ కలిపి ఆ మొత్తంతో పోల్చండి. ఆ పోలిక బ్యాటరీ లెక్కలో చేసి చూపిస్తాను.

ఐదోది: వైరులో పోయే వోల్టేజ్

అసలు పని ఇదే. తొందరపడకండి.

24 వోల్టుల సిస్టమ్‌లో బ్యాటరీ అడుగంటేసరికి ప్యానెల్ టెర్మినల్ దగ్గర 20.4 వోల్టులు మిగులుతాయని లెక్కలోకి తీసుకుంటాం. కొన్ని ప్యానెళ్లలో లోపలి నష్టం వల్ల ఇంకా తక్కువ అని మాన్యువల్ చెబుతుంది. అలా ఉంటే ఆ అంకె వాడండి. స్ట్రోబ్ పనిచేయడానికి కనీసం 16 వోల్టులు కావాలి. అంటే మొత్తం వైరులో పోగొట్టుకోవడానికి మనకున్నది 4.4 వోల్టులు. ఇంతే మన జేబులో డబ్బు.

రాగి వైరు నిరోధం, 20 డిగ్రీల దగ్గర, కిలోమీటరుకి: ఒక స్క్వేర్‌కి 18.1 ఓమ్‌లు, ఒకటిన్నరకి 12.1, రెండున్నరకి 7.41. ఇవి గట్టి తీగ అంకెలు. మెత్తటి ఫ్లెక్సిబుల్ వైరు అయితే ఇంకాస్త ఎక్కువ. మన నెల్లూరులో 20 డిగ్రీలు ఎక్కడివి? ఎండాకాలం స్లాబ్ కింద పైపులో పడున్న వైరు 40కి తగ్గదు. 20 డిగ్రీలు పెరిగితే రాగి నిరోధం దాదాపు 8 శాతం పెరుగుతుంది, కాబట్టి 1.08తో గుణించండి. వెళ్లే తీగ, వచ్చే తీగ రెండూ ఉంటాయి కాబట్టి పొడవుని 2తో గుణించడం మర్చిపోకండి. అది మర్చిపోయి సగం డ్రాప్ రాసిన కాగితాలు చాలా చూశాను.

అలా చేస్తే జత వైరుకి మీటరుకి వచ్చే నిరోధం: ఒక స్క్వేర్ 0.0391 ఓమ్, ఒకటిన్నర 0.0261, రెండున్నర 0.0160.

ప్యానెల్ నుంచి మొదటి స్ట్రోబ్ దాకా 90 మీటర్లు, అక్కడి నుంచి 8 మీటర్లకొకటి చొప్పున మిగతా తొమ్మిది. మొత్తం 162 మీటర్లు.

తేలిక పద్ధతి ఒకటుంది. పది స్ట్రోబ్‌ల లోడూ కొసనే ఉందనుకుని ఒకేసారి గుణించేయడం. ఒకటిన్నర స్క్వేర్‌కి 162 × 0.0261 = 4.23 ఓమ్‌లు. 1.028తో గుణిస్తే 4.35 వోల్టుల డ్రాప్. మిగిలేది 16.05. గట్టెక్కినట్టే ఉంది కానీ తల ఎత్తితే తగిలేట్టు ఉంది. ఈ పద్ధతిలో బాగా మిగులు వస్తే ఇక్కడితో ఆగిపోవచ్చు. ఇలా అంచు మీద ఉంటే మెట్టు మెట్టుకీ కట్టాలి.

మెట్ల పద్ధతి ఇలా. మొదటి 90 మీటర్లలో మొత్తం 1.028 ఆంప్స్ పారుతుంది: 90 × 0.0261 × 1.028, దగ్గరదగ్గర 2.42 వోల్టులు. మొదటి స్ట్రోబ్ దాటాక దాని 158 తగ్గి 870 మిల్లీ ఆంప్స్ ముందుకు పోతుంది. రెండోది దాటాక 712, తర్వాత 554, 396, 330, 264, 198, 132, చివరి ముక్కలో 66. ఈ తొమ్మిదీ కూడితే 3.522. ఒక్కో ముక్క 8 మీటర్లు కాబట్టి 8 × 0.0261 × 3.522 = 0.74 వోల్టులు. మొత్తం డ్రాప్ 3.15. చివరి స్ట్రోబ్ దగ్గర 17.25 వోల్టులు. ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇప్పుడు నేను లాగిన ఒక స్క్వేర్‌తో ఇదే కట్టండి. మొదటి 90 మీటర్లలోనే 3.62 పోయింది. తర్వాత 1.10. మొత్తం 4.72. మిగిలింది 15.68. ఆ రాత్రి మీటర్ చూపించింది దాదాపు ఇంతే. మరి మొదటి రోజు ఎందుకు వెలిగాయి? మెయిన్స్ మీద ప్యానెల్ 24 వోల్టులు ఇస్తోంది. అంతే డ్రాప్ అనుకున్నా కొసకి 19 పైచిలుకు అందుతుంది. మెయిన్స్ ఉండగా చేసిన టెస్ట్ ఈ తప్పుని ఎన్నేళ్లయినా బయటపెట్టదు.

ఇంకో సంగతి గమనించండి. పై లెక్కలో హాల్లోని పెద్ద స్ట్రోబ్‌లు ముందు, కారిడార్ చిన్నవి తర్వాత వచ్చాయి. వైరు దారి తిప్పి చిన్నవాటిని ముందు, పెద్దవాటిని కొసన పెడితే ఆ తొమ్మిది ముక్కల మొత్తం 3.522 నుంచి 5.73కి పెరుగుతుంది. అదే వైరు, అవే స్ట్రోబ్‌లు, కానీ చివర 16.78 వోల్టులే మిగులుతుంది. వైరు రూటు గీసేటప్పుడే బరువులు ప్యానెల్‌కి దగ్గరగా పెట్టుకుంటే అర వోల్టు ఉచితంగా వస్తుంది.

మేం దాన్ని ఎలా సరిచేశామో కూడా చెబుతాను. హాల్లో పైపులన్నీ గోడల్లో ఉన్నాయి, పగలగొట్టడానికి లేదు. పార్కింగ్ మీదుగా వచ్చే 90 మీటర్లు మాత్రం పైకే ఉంది. మొత్తం కరెంట్ పారేది కూడా ఆ ముక్కలోనే. దాన్ని తీసేసి రెండున్నర స్క్వేర్ ఫైర్ సర్వైవల్ కేబుల్ (మంటల్లోనూ కొంతసేపు పనిచేసేది) లాగాం. అక్కడ డ్రాప్ 1.48కి దిగింది. హాల్లో ఒక స్క్వేర్ అలాగే ఉంచి 1.10. చివర లెక్కకి 17.8 వోల్టులు. వైరు మార్చడం అసలు కుదరని చోట రెండు దారులున్నాయి. లోడుని రెండు ఎన్‌ఏసీలకు పంచడం ఒకటి, హాలు దగ్గరే సొంత బ్యాటరీతో బూస్టర్ పవర్ సప్లై పెట్టడం రెండోది.

లూప్ తిరిగి ప్యానెల్‌కి వచ్చే క్లాస్ ఏ వైరింగ్ అయితే, మొదటి స్ట్రోబ్‌కి ముందే వైరు తెగిందనుకుని అవతలి వైపు నుంచి కట్టండి. అప్పుడు మొత్తం కరెంట్ రివర్సులో చుట్టూ తిరిగి రావాలి. అందులోనూ 16 మిగలాలి.

ఆరోది: స్పీకర్లు

స్పీకర్ వెనక ఎన్ని వాట్లు తీసుకోవాలో ఎంచుకునే ట్యాప్ ఉంటుంది: పావు వాట్, అర, ఒకటి, రెండు. ఆ వాట్లు కూడితే చాలు, ఆంప్లిఫైయర్ లోడు వచ్చేస్తుంది. మొదటి అంతస్తులో హాల్లో 4 స్పీకర్లు 2 వాట్ల మీద, మిగతా 6 అర వాట్ మీద, 11 వాట్లు. కింద భోజనాల హాల్లో 6 స్పీకర్లు 2 వాట్ల చొప్పున 12. పైన గదుల్లో 12 స్పీకర్లు అర వాట్ చొప్పున 6. అంతా 29 వాట్లు. 50 వాట్ల ఆంప్లిఫైయర్‌కి 80 శాతం 40, కాబట్టి చోటుంది.

కరెంట్ కావాలంటే వాట్లని లైన్ వోల్టేజ్‌తో భాగించండి. మొదటి అంతస్తు 11 వాట్లు 25 వోల్టుల లైన్ మీద 0.44 ఆంప్స్. అదే 70.7 లైన్ మీద 0.156 మాత్రమే. మన 162 మీటర్ల ఒకటిన్నర స్క్వేర్ వైరులో 25 వోల్టుల లైన్ అయితే దాదాపు ఏడున్నర శాతం వోల్టేజ్ పోతుంది, శబ్దంలో 0.7 డెసిబెల్ తగ్గుతుంది. 70.7 లైన్ అయితే ఒక శాతం కూడా పోదు. పార్కింగ్ దాటి వెళ్లే దూరాలకు నేను 25 వోల్టుల లైన్ జోలికే పోను. ఒక జాగ్రత్త: స్పీకర్ మీద వోల్టేజ్ సెలెక్టర్ ఉంటే అది మీ లైన్‌కి సరిపోయేలా పెట్టాలి. 25 మీద పెట్టి ఉన్న స్పీకర్‌కి 70.7 లైన్ ఇస్తే అది ఎనిమిది రెట్ల వాట్లు లాగుతుంది.

ట్యాప్ ఎంతలో పెట్టాలన్నది శబ్దం మీద ఆధారపడుతుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. దూరం రెట్టింపు అయితే తగ్గేది 6. 3 మీటర్ల దగ్గర 88 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ 12 మీటర్ల దగ్గర 76కి వస్తుంది. కోడ్ అడిగేది మామూలు సందడి కంటే 15 డెసిబెల్స్ ఎక్కువ, పడుకునే గదుల్లో దిండు దగ్గర కనీసం 75. ముహూర్తం వేళ డోలు, నాదస్వరం గట్టిమేళం అందుకుంటే, సాయంత్రం రిసెప్షన్‌లో డీజే బాక్సులు మోగితే, ఏ ట్యాపూ వాటిని గెలవదు. ట్యాప్ పెంచుకుంటూ పోవద్దు. ప్యానెల్ నుంచి ఒక రిలే తీసి, అలారం రాగానే స్టేజి మీది సౌండ్ సిస్టమ్ ప్లగ్ పాయింట్లకు కరెంట్ కట్ అయ్యేలా చేయండి. డీజే వాళ్లు వేరే ప్లగ్ నుంచి తీసుకుంటారు కాబట్టి స్టేజి చుట్టుపక్కల పాయింట్లన్నీ ఆ రిలే కిందికే తేవాలి. మేళం మాత్రం ఆగదు. వాళ్లకి కనబడేలా స్టేజి ఎదురుగోడ మీద ఒక స్ట్రోబ్ తప్పకుండా ఉండాలి.

ఏడోది: బ్యాటరీ

అన్ని అంతస్తుల స్ట్రోబ్‌లు కూడుదాం. మొదటి అంతస్తు 1.028. కింద భోజనాల హాలు 6 × 158, అంటే 0.948. పైన కారిడార్లో 4 × 66, చెవులు వినబడని అతిథుల కోసం ఉంచిన రెండు గదుల్లో 110 క్యాండెలావి 2 × 202, కలిపి 0.668. మొత్తం 2.644 ఆంప్స్. 50 వాట్ల ఆంప్లిఫైయర్ పూర్తి లోడు మీద డేటాషీట్ ప్రకారం 2.6 ఆంప్స్ లాగుతుందనుకుందాం. అలారంలో ప్యానెల్ సొంతానికి 0.4. అంతా కలిపితే 5.644.

నాలుగో అడుగులో చెప్పిన 6 ఆంప్స్ హద్దు గుర్తుందా? సరిపోయింది కానీ 94 శాతం. నేనైతే ఆంప్లిఫైయర్‌కి విడి పవర్ సప్లై పెడతాను.

కరెంట్ పోయాక 24 గంటలు మామూలుగా కాపలా కాసి, ఆ తర్వాత మాటలతో చెప్పే అలారం అయితే 15 నిమిషాలు మోగాలి. హూటర్, స్ట్రోబ్ మాత్రమే ఉంటే 5 నిమిషాలు. స్టాండ్‌బైలో ప్యానెల్, డిటెక్టర్లు, ఆంప్లిఫైయర్ కలిసి 0.35 ఆంప్స్ అనుకుంటే 24 గంటలకు 8.4 ఆంపియర్ అవర్స్ (ఏహెచ్). అలారంలో 5.644 × 0.25 = 1.41. కూడితే 9.81. దీని మీద 20 శాతం కలపాలి: 11.77.

12 ఏహెచ్ బ్యాటరీలు చాలు కదా అంటారు. నేను 18 ఏహెచ్ పెడతాను. మూసి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు సుఖం. అక్కడి నుంచి ప్రతి పది డిగ్రీలకీ దాని ఆయుష్షు సగమవుతుంది. రేకుల షెడ్డు లాంటి గేటు గదిలో, రోహిణి కార్తెలో ఆ బ్యాటరీ పరిస్థితి ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే తేదీవి, 12 వోల్టులవి సిరీస్‌లో కలపండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలపొద్దు. పెద్ద బ్యాటరీ పెట్టే ముందు ప్యానెల్ చార్జర్ ఎన్ని ఏహెచ్ దాకా చార్జ్ చేయగలదో మాన్యువల్‌లో చూడండి.

ఎనిమిదోది: వైరు లాగాక కొలవండి

పరికరాలు బిగించకముందే, ప్యానెల్ దగ్గర వైరు విడిగా ఉండగా, కొసన రెండు తీగలూ కలిపి మెలిపెట్టండి. ప్యానెల్ చివర ఓమ్ మీటర్ పెట్టండి. ముందు మీటర్ ప్రోబ్‌లు రెండూ తాకించి అవి చూపే 0.2, 0.3ని తీసేయండి. 162 మీటర్ల ఒకటిన్నర స్క్వేర్ 20 డిగ్రీల దగ్గర 3.92 ఓమ్‌లు చూపాలి, ఎండాకాలంలో 4.2 దాకా వెళ్తుంది. ఆరు చూపిస్తే రెండే కారణాలు. ఎక్కడో జాయింట్ లూజ్, లేదా కాయిల్ మీద ఒకటిన్నర అని రాసినా లోపల రాగి అంత లేదు. పైకి రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న తీగ కూడా దొరుకుతోంది. అనుమానం వస్తే కొన మీద కత్తితో గీకితే తెల్లగా బయటపడుతుంది.

కృష్ణపట్నం, మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల టెర్మినల్స్ పచ్చగా చిలుము పడతాయి. అక్కడ నేను మరో అర వోల్టు మిగులు వదులుతాను, ఏడాదికోసారి స్క్రూలు విప్పి శుభ్రం చేస్తాను.

ఆఖరి పరీక్ష మా మండపంలో చేసిందే. మెయిన్స్ ఆపి, 24 గంటలు వదిలి, మర్నాడు అలారం. ముందుగా యజమానికి, చుట్టుపక్కల వాళ్లకి చెప్పండి, ఫంక్షన్ లేని రోజు చూసుకోండి. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ప్యానెల్ టెర్మినల్ దగ్గర, ఒకరు చివరి స్ట్రోబ్ దగ్గర, ఒకే నిమిషంలో రెండు రీడింగులు. పావుగంట పూర్తయ్యేలోపు మూడుసార్లు తీయండి, మొదటి నిమిషంలో వచ్చిన అంకెతో తృప్తి పడొద్దు.

ఆ రీడింగులు, తేదీ, బ్యాటరీ కొన్న నెల, వైరు సైజు, లూప్ ఓమ్‌లు ఒక కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించండి. మా మండపంలో ఆ కాగితం మీద మొదటి వరుస: ప్యానెల్ 20.6, చివరి స్ట్రోబ్ 18.1. మేనేజర్ గారే తన పెన్నుతో రాశారు. వచ్చే ఏడాది రెండో వరుస దాని కిందే రాస్తాం.